పలకకపోతే పోయినట్టేనా?

మన ఇళ్లల్లో అన్నిటికన్నా తేలిగ్గా నోట్లోంచి ఊడిపడే మాట ఏదంటే, "పోయింది" అన్నది. మిక్సీ తిరగలేదా, పోయింది. గోడ గడియారం ఆగిందా, పోయింది. రేడియో పలకలేదా, అదెప్పుడో పోయింది. ఈ మాట అనడానికి చదువక్కర్లేదు, స్క్రూడ్రైవరక్కర్లేదు, కుర్చీలోంచి లేవనైనా అక్కర్లేదు. పేపరు చదువుకుంటూ, కాఫీ చప్పరిస్తూ కూడా అనేయొచ్చు. అన్న మరుక్షణం నుంచి ఆ వస్తువుకి మూడే గతులు. అటక, పాతసామాన్ల బండి, లేదా "పాతది తెండి, కొత్తదాంట్లో ఇంత తగ్గిస్తాం" అనే దుకాణంవాడి బేరం.

నాకీ మాట మీద పాత కక్ష ఉంది. ఇవాళ ఒక్క వస్తువుని అడ్డం పెట్టుకుని ఆ కక్ష తీర్చుకోదలిచాను. ఆ వస్తువు పాతకాలపు ఎలక్ట్రిక్ పియానో. "అదెక్కడిదమ్మా తల్లీ, మా ఇంట్లో హార్మోనియానికే దిక్కులేదు" అని పేజీ తిప్పెయ్యకండి. మీ ఇంట్లో పియానో లేకపోవచ్చు గానీ, "పోయింది" అనేవాళ్లు మాత్రం తప్పకుండా ఉంటారు. ఈ గొడవంతా వాళ్లతోనే.

హైదరాబాదులో ఈ పియానోలు ఎక్కడున్నాయంటారా? శంషాబాదు వైపు వెళ్లండి. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి అక్కడికి మారేదాకా శంషాబాదంటే బెంగుళూరు రోడ్డు మీద ఒక ఊరు. అమ్మపల్లి రామాలయం చూడబోయేవాళ్లు, ఆ గుడి దగ్గర షూటింగులకు పోయే సినిమావాళ్లు తప్ప పట్నంవాళ్లకు అక్కడ పెద్దగా పనుండేది కాదు. విమానాశ్రయం వచ్చాక చుట్టూ గేట్లున్న కాలనీలు లేచాయి. ఇరవై ఏళ్లూ పాతికేళ్లూ అమెరికాలో ఉండి తిరిగొచ్చినవాళ్లు, పిల్లల దగ్గరికి ఏటా వెళ్లొచ్చే తల్లిదండ్రులు ఆ చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్నారు. మనుషులు విమానంలో ఒక్క రోజులో దిగిపోతారు. సామాన్లు మాత్రం ఓడెక్కి, నెలలు గడిచాక నింపాదిగా వస్తాయి. ఆ సామాన్లలో, సోఫాలకీ పుస్తకాలకీ మధ్యన, అప్పుడప్పుడు ఒక పాత రోడ్స్ పియానోనో, వుర్లిట్జర్ పియానోనో కూడా దిగుతుంది.

ఇవి ఇప్పటి కీబోర్డుల జాతి కావు. ఇప్పటి కీబోర్డులో మీట నొక్కితే లోపల చిప్పులో దాచిపెట్టిన శబ్దం బయటికొస్తుంది. పాత ఎలక్ట్రిక్ పియానోలో మీట నొక్కితే నిజంగానే ఒక చిన్న సుత్తి లేచి కొడుతుంది. రోడ్స్ పియానోలో అది కొట్టేది సన్నటి ఉక్కు కడ్డీని. బడిలో సైన్సు మేష్టారు రబ్బరు దిమ్మె మీద కొట్టి మన చెవి దగ్గర పెట్టిన శ్రుతిదండం గుర్తుందా? ఇదీ అదే. కాకపోతే ఒక కాలు సన్నం, ఒక కాలు లావు. కడ్డీ ఎదురుగా ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ. కడ్డీ కంపిస్తే ఆ తీగలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయరు దాన్ని పెంచి స్పీకరుకిస్తుంది. వుర్లిట్జర్‌లో కడ్డీకి బదులు చదునైన ఉక్కు రీడు. మన హార్మోనియం రీడుకి దూరపు చుట్టమన్నమాట. అక్కడ గాలి ఊపుతుంది, ఇక్కడ సుత్తి ఊపుతుంది.

ఇందులో గమనించాల్సిందొకటుంది. శబ్దం పుట్టేది ఒకచోట, అది మనకు వినిపించేలా చేసేది ఇంకోచోట. కరెంటు లేకపోయినా సుత్తి లేస్తుంది, ఉక్కు మోగుతుంది. అది గదిలోకి రాదు, అంతే. కాబట్టి ఈ వాద్యం విషయంలో పలకకపోవడం వేరు, వినిపించకపోవడం వేరు. నా వాదమంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది.

మా బంధువుల్లో ఒకావిడ శంషాబాదు దగ్గర కొడుకు ఇంట్లో ఉంటారు. అరవై దాటాయి. చిన్నప్పుడు వీణ నేర్చుకున్నారు. పెళ్లయ్యాక అది పుట్టింట్లోనే గోడకి ఒరిగి ఉండిపోయింది. ఎవరి వీణ ఒరగలేదు గనక! మనవడు పుట్టినప్పుడు అమెరికా వెళ్తే, కొడుకు పక్కింటివాళ్లు అమ్మకానికి పెట్టిన పాత వుర్లిట్జర్ కొనుక్కొచ్చాడు. అరవై నాలుగు మీటలు. నాలుగు గోడల మధ్య, మంచు కురిసే ఊళ్లో, ఆవిడ తనకొచ్చిన కీర్తనలు ఒక్కొక్కటీ ఆ మీటల మీద వెతుక్కున్నారు. కుటుంబం తిరిగొచ్చినప్పుడు అదీ వెంట వచ్చింది. ఇక్కడ కూడా రోజూ వాయించుకునేవారు. ఒకరోజు మీట నొక్కితే చప్పుడు రాలేదు.

పట్నంలో సంగీతవాద్యాలమ్మే ఒక దుకాణానికి కబురు పెట్టారు. ఒక కుర్రాడొచ్చాడు. స్విచ్చి వేశాడు, నాలుగు మీటలు నొక్కాడు, తీర్పు చెప్పేశాడు: "ఆంటీ, దీని మదర్‌బోర్డు ఖరాబైంది. బాగుచేసుడు వేస్టు. ఎక్స్‌చేంజిల ఇచ్చెయ్యుండ్రి, కొత్త కీబోర్డు మీద తగ్గిస్తం."

అమ్మలారా, వుర్లిట్జర్ పియానోలో మదర్‌బోర్డన్నది లేదు. ఉన్నది చిన్న యాంప్లిఫయరు. లేని అవయవానికి జబ్బు కనిపెట్టిన వైద్యుణ్ణి మీరెక్కడైనా చూశారా? మూత తియ్యలేదు. ఫ్యూజు చూడలేదు. మొత్తం పరీక్ష రెండు నిమిషాలు. ఆ తీర్పుని ఇంట్లో మగవాళ్లు తలలూపి ఖాయం చేశారు. "ఎందుకమ్మా ఈ పాతది, కొత్తది ఇంకా బావుంటుంది" అన్నాడు కొడుకు. మంచివాడే. తల్లి మీద ప్రేమతోనే అన్నాడు. ఇలాంటి విషయాల్లో చిక్కంతా అక్కడే ఉంది. మన వస్తువుల్ని పారేయించేవాళ్లు శత్రువులు కారు, మన మేలు కోరేవాళ్లే.

ఆ కుర్రాణ్ణి కూడా నేను తప్పుపట్టను. అతనికి జీతమిచ్చేది కొత్తవి అమ్మడానికి, పాతవి వినడానికి కాదు. అమ్మేవాడే వైద్యుడైతే ప్రతి జబ్బూ ప్రాణాంతకమే అవుతుంది. నా తగాదా ఆ ఏర్పాటుతో. ఆ ఏర్పాటు ముందు మనం తలొంచుకుని "సరే నాయనా" అనడంతో.

తమాషా ఏమిటంటే, ఈ తీర్పు వెలువడిన ఇంటికి కూతవేటు దూరంలోనే దీనికి పూర్తిగా విరుద్ధమైన ధర్మం నడుస్తోంది. శంషాబాదు విమానాశ్రయం ఆవరణలో విమానాలను మరమ్మతు చేసే పెద్ద పెద్ద హ్యాంగర్లున్నాయి. ఏళ్ల తరబడి ఎగిరిన విమానాన్ని అందులోకి తోలి, సీట్లు ఊడదీసి, నేల పలకలు లేపి, తీగ తీగా తడిమి, మళ్లీ ఆకాశానికి పంపుతారు. 2025 నవంబరులో ఫ్రాన్సుకి చెందిన సఫ్రాన్ సంస్థ జెట్ ఇంజన్లు బాగుచేసే కర్మాగారాన్ని అక్కడే ప్రారంభించింది. ఏదైనా విమానం ఇంజను పలకకపోతే అక్కడెవరూ పేపరు చదువుకుంటూ "పోయింది" అనరు. ఒక పట్టిక తీస్తారు. మొదటి అంశం చూశారా? చూశాం. రెండోది? చూశాం. మూడోది? ఇలా వరసగా పోతారు.

ఆ పట్టిక ఎలా వచ్చిందో తెలుసా? 1935 అక్టోబరులో అమెరికాలో బోయింగు సంస్థ కొత్త బాంబరు విమానాన్ని సైన్యానికి చూపిస్తుంటే అది లేచీ లేవగానే కూలింది. నడిపినవాళ్లు ఆరితేరినవాళ్లు. యంత్రంలో లోపం లేదు. నేల మీదున్నప్పుడు గాలికి కదలకుండా తోక భాగాలకు వేసే బిగింపుని ఎగిరే ముందు తియ్యడం మరిచారు. "ఇంత చిక్కు విమానం మనిషి వల్ల కాదు" అన్నవాళ్లు అన్నారు. అంటే, "పోయింది" అన్నారన్నమాట. పైలట్లు మాత్రం విమానాన్ని పారెయ్యలేదు, పట్టిక రాసుకున్నారు. ఆ విమానమే తరవాత బి-17 అనే పేరుతో రెండో ప్రపంచయుద్ధంలో వేల సంఖ్యలో ఎగిరింది.

మన పియానో కథ కూడా అదే విమానం దగ్గర మొదలైంది. హెరాల్డ్ రోడ్స్ అనే ఆయన పియానో మేష్టారు. యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళంలో ఉంటూ, ఆస్పత్రుల్లో మంచాన పడ్డ సైనికులకు సంగీతం నేర్పాలనుకున్నాడు. మంచం మీదికి పియానో ఎలా వస్తుంది? పనికిరావని పక్కన పడేసిన బి-17 విమానాల్లోని అల్యూమినియం గొట్టాల్ని కోసి, 29 మీటలతో, ఒళ్లో పెట్టుకుని వాయించుకునేంత చిన్న పియానో చేశాడు. కాళ్లు కదలనివాళ్లు వేళ్లు కదిపారు. ఆ ఆలోచనే పెరిగి పెరిగి 1965లో ఫెండర్ రోడ్స్ అనే 73 మీటల ఎలక్ట్రిక్ పియానో అయింది. చెత్తకుప్పలోంచి పుట్టిన వాద్యమది. దాన్ని పట్టుకుని, మూత కూడా తియ్యకుండా, మళ్లీ చెత్తకుప్పకే పొమ్మనడం ఎక్కడి న్యాయం?

సరే, కోపం సంగతి అలా ఉంచండి. విమానంవాళ్లకున్నట్టు మనకూ ఒక పట్టిక ఉండొద్దూ? ఇదిగో చెబుతాను. రాసి పెట్టుకోండి. వంటల పుస్తకంలో పెట్టుకున్నా తప్పులేదు.

మొట్టమొదట అడగాల్సింది: ఒక్క మీట మూగబోయిందా, అన్నీనా? మన ఇంట్లో ఒక్క గదిలో దీపం పోతే బల్బు చూస్తాం. ఇల్లంతా చీకటైతే మెయిన్ చూస్తాం. ఇదీ అంతే. ఒకటి రెండు మీటలే పలకకపోతే జబ్బు ఆ మీట దగ్గరే ఉంది. సుత్తో, కడ్డీయో, రీడో, దాని ఎదుటి తీగచుట్టో. అన్నీ ఒకేసారి ఆగాయంటే అరవై నాలుగు రీడ్లూ కూడబలుక్కుని ఒకే రోజు చచ్చిపోలేదు కదా! అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఎక్కడో అడ్డుపడింది. ఆ దారి చాలా పొట్టిది, వెతకడం తేలిక.

రెండోది: ప్లగ్గు గోడలోంచి పీకేసి, ఇల్లు సద్దుమణిగాక, మీట నొక్కి పియానో మీద చెవి ఆనించండి. సన్నగా, దూరంగా, "టింగ్" మంటుంది. వినిపించిందా? అయితే ప్రాణం ఉన్నట్టే. సుత్తి పనిచేస్తోంది, ఉక్కు మోగుతోంది. గొంతు బాగానే ఉంది, మైకే పోయింది. ఈ ఒక్క పరీక్షకి నయా పైసా ఖర్చులేదు. తీర్పు చెప్పినవాడు ఈ పరీక్ష చేశాడా లేదా అని అడగండి చాలు.

మూడోది కరెంటు. అమెరికా ఇళ్లల్లో 120 వోల్టులు, మన ఇళ్లల్లో 230. అక్కడి యంత్రాన్ని ఇక్కడి గోడలో నేరుగా గుచ్చితే దాని మీద రెండింతల బరువు పడ్డట్టే. అదృష్టముంటే ఫ్యూజు కాలి మిగతాదాన్ని కాపాడుతుంది. లేకపోతే లోపలి ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు మధ్యలో ఉందా, అది పనిచేస్తోందా చూడండి. కాలిన ఫ్యూజుకి బదులు సరిగ్గా అదే కొలత ఫ్యూజు వెయ్యండి. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే ఇస్తారు. మనవాళ్లకున్న అలవాటొకటుంది, ఫ్యూజు పోతే రాగితీగ ముక్క చుట్టి "నడుస్తుందిలే" అనడం. ఆ పని మాత్రం ఎవర్నీ చెయ్యనివ్వకండి. ఫ్యూజు ఇంటి కాపలాదారు. కాపలాదారు బదులు గడ్డిబొమ్మని నిలబెట్టినట్టు ఉంటుంది.

ఇంకో సందేహం కొందరికుంటుంది. అమెరికాలో కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది, మన దగ్గర 50 సార్లు, శ్రుతి తప్పదా అని. పాత హామండ్ ఆర్గన్‌కైతే తప్పుతుంది. దాని శ్రుతి లోపల తిరిగే మోటారు వేగం మీద ఆధారపడుతుంది కాబట్టి మూడు మెట్లు దిగిపోతుంది. మన పియానో శ్రుతి ఉక్కులో ఉంది. కరెంటుకి దాన్ని ముట్టుకునే అధికారం లేదు.

నాలుగోది: అసలు దానికి కరెంటు కావాలా? నవ్వకండి. రోడ్స్‌లో స్టేజి రకమని ఒకటుంది. దానికి కరెంటు వైరే ఉండదు, స్పీకరూ ఉండదు. వీణకి ప్లగ్గు ఎక్కడుంది అని వెతికినట్టు, దానికి వైరు కోసం వెతికి, కనపడక, "పవర్ సప్లయి పీకేశారు, పనికిరాదు" అని తూకానికి అమ్మేసేవాళ్లుంటారు. దానికి కావాల్సింది బయట ఒక యాంప్లిఫయరు, మధ్యన ఒక మంచి కేబులు. ఆ కేబులు మార్చి చూశారా? వేరే యాంప్లిఫయరుకి తగిలించి చూశారా? చాలాసార్లు నేరం పియానోది కాదు, వందల రూపాయల కేబులుది.

అయిదోది: వాల్యూము మర. ఏళ్ల తరబడి కదలని మర అడుగున దుమ్మూ తుప్పూ పేరుకుంటాయి. ఇటు చివరికీ అటు చివరికీ ఓ ఇరవై సార్లు తిప్పండి. గరగరమని మాట్లాడుతుంది. మా నాన్నగారి రేడియో నెత్తిన ఒక్కటి మొట్టితే పాడేది. ఆ వైద్యంలోనూ శాస్త్రం లేకపోలేదు. వదులైన కనెక్షను ఆ కుదుపుకి సర్దుకునేది. కాకపోతే మొట్టికాయ కన్నా మర తిప్పడం మర్యాద.

ఆరోది హెడ్‌ఫోను. వుర్లిట్జర్ 200 వరసలో హెడ్‌ఫోను పెట్టే రంధ్రముంటుంది. పిన్ను లోపలికి వెళ్లగానే ఒక చిన్న రేకు పక్కకి జరిగి స్పీకర్లను ఆపేస్తుంది. పిన్ను తీస్తే రేకు వెనక్కొచ్చి స్పీకర్లు పలకాలి. ఆ రేకు వంగిపోయినా, తుప్పుపట్టినా, పిన్ను లేకపోయినా ఉన్నట్టే అనుకుంటుంది. హెడ్‌ఫోను పెట్టి చూడండి. అందులో పాట వినిపించి గదిలో వినిపించకపోతే దొంగ దొరికినట్టే.

మా బంధువుల ఆవిడ పియానోలో దొరికిన దొంగ అదే. కోఠీలో ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన ఓ ముసలాయన్ని పిలిపించారు. ఆయన పట్టిక ప్రకారమే వచ్చారు. చెవి పెట్టి విన్నారు, ఫ్యూజు చూశారు, హెడ్‌ఫోను పెట్టారు. ఆవిడ కీర్తన చెవుల్లో గణగణమంది. రేకు శుభ్రం చేసి, కొద్దిగా వంచి సరిచేశారు. "ఏం గాలేదమ్మా, ఇది మస్తుగ పాడుతున్నది. బయటికి రానిస్తలేరంతే" అన్నారు.

ఆ రేకు ఎందుకు వంగిందో అడిగారా? ఏళ్ల తరబడి పిన్ను అందులోనే ఉండిపోయింది కనక. ఎందుకుండిపోయింది? పొద్దున వాయిస్తే కొడుక్కి ఆఫీసు ఫోన్లు. మధ్యాహ్నం మనవడి నిద్ర. సాయంత్రం ఆయన టీవీ వార్తలు. రాత్రి ఎలాగూ కుదరదు. ఎవరూ వాయించవద్దనలేదు. "హెడ్‌ఫోను పెట్టుకోరాదూ?" అన్నారు, అంతే. ఆవిడ పెట్టుకున్నారు. ఎవరికీ వినపడకుండా వాయించి వాయించి, చివరికి వినపడకపోవడం ఆ యంత్రానికే అలవాటైపోయింది. దీని మీద నేను వ్యాఖ్యానం రాయనక్కర్లేదు. చదువుతున్న మీలో సగం మందికి తెలుసు.

పట్టిక ఇక్కడితో ఆపాలి. వుర్లిట్జర్ లోపల రీడ్ల దగ్గర నూట యాభై వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకినా కెపాసిటర్లు కొంతసేపు ఆ శక్తిని దాచుకుంటాయి. కాబట్టి మూత తీసి యాంప్లిఫయరులో చెయ్యి పెట్టడం తెలిసినవాళ్ల పని. నలభై ఏళ్లు దాటిన కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు, వాటిని మార్చడమూ వాళ్ల పనే. కానీ పై ఆరూ మనవే. చెవికీ, మరకీ, పిన్నుకీ ఇంజనీరింగు పట్టా అక్కర్లేదు. పప్పులో ఉప్పెక్కువైతే గిన్నె పారేస్తామా? పోపు మాడిందో, చింతపండు తక్కువైందో నాలిక మీద వేసుకుని పసిగట్టే మనకి, ఒక దారిలో అడ్డం ఎక్కడ పడిందో పసిగట్టే తెలివి లేదంటే నేనొప్పుకోను. "నీకేం తెలుసు, కరెంటు వ్యవహారం" అన్న మాట మనకి షాకు కొట్టకుండా పుట్టిందేమో గానీ, మన బుర్రలకి మూత బిగించి పోయింది.

ఎదుటివాళ్ల మాట కూడా విందాం. "కొత్త కీబోర్డు చవక, తేలిక, వంద రకాల శబ్దాలిస్తుంది. పాతదాన్ని బాగుచేసేవాళ్లు దొరకరు, సామాను దొరకదు. ఎంతకాలం పట్టుకు వేలాడతారు?" అంటారు. చవక, తేలిక, నిజమే. పిల్లలు నేర్చుకోవడానికి కొత్తదే మేలు కావచ్చు. నేను దాన్ని వద్దనను. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి, సగం రీడ్లు విరిగి, చెద పట్టిన పియానోని కూడా కట్టుకుని ఏడవమనను. వస్తువులకీ ఆయుష్షుంటుంది. కానీ చావుని ధ్రువీకరించే ముందు నాడి చూడాలి. పరీక్షించి "ఇక లాభం లేదు" అంటే నమస్కారం పెడతాను. పరీక్షించకుండా అంటే మాత్రం ఒప్పుకోను. సామాను దొరకదన్నది కూడా పూర్తిగా నిజం కాదు. రోడ్స్ కడ్డీలు, సుత్తి చివరి రబ్బర్లు, వుర్లిట్జర్ రీడ్లు ఈనాటికీ కొత్తవి తయారుచేసి అమ్మేవాళ్లు విదేశాల్లో ఉన్నారు. 2021లో ఇంగ్లండులో రోడ్స్ పేరుతోనే కొత్త పియానోని మళ్లీ ప్రకటించారు కూడా. పోయిందన్నది తిరిగి పుట్టిందన్నమాట.

పాత వాద్యాన్ని అమ్మకపోవడం ఎంత దూరం వెళుతుందో చూడాలంటే మద్రాసు వెళ్లాలి. 1976లో సంగీత దర్శకుడు ఆర్.కె. శేఖర్ చనిపోయారు. ఇంట్లో మిగిలినవి నలుగురు పిల్లలు, ఆయన కీబోర్డులు. "అవి అమ్మేసి, వచ్చిన డబ్బు మీద వడ్డీతో బతకండి" అని భార్యకు సలహా ఇచ్చారు. లెక్కల ప్రకారం అది తెలివైన సలహానే. ఆ తల్లి అమ్మలేదు. రికార్డింగులకు అద్దెకిచ్చి ఇల్లు గడిపారు, "నా కొడుకున్నాడు, వాడు చూసుకుంటాడు" అన్నారు. ఆ కొడుకుకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ వాద్యాల మధ్యనే పెరిగి, మన తెలుగు సినిమాలకు రమేష్ నాయుడు, రాజ్-కోటిల దగ్గర కీబోర్డు వాయించి, తరవాత ప్రపంచమెరిగిన ఏ.ఆర్. రహమాన్ అయ్యాడు. కరీమా బేగం 2020లో కన్నుమూశారు. ఆమె ఆ రోజు "సరే నాయనా" అని ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ప్రతి పాత పియానో కిందా ఒక రహమాన్ దాగున్నాడని నేననడం లేదు. ఉండనక్కర్లేదు కూడా. అరవై దాటిన ఒక మనిషి సాయంత్రం అరగంట తనకిష్టమైన కీర్తన వాయించుకోవడం చాలదా కారణంగా?

ప్రభుత్వానికి కూడా ఈ సంగతి కొంత తట్టింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, దానికో పోర్టలు కూడా తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు ఈ నాలుగు రంగాలూ అందులో చోటు చేసుకున్నాయి. సంగీత వాద్యాలకు చోటు లేదు. పాట అత్యవసరమని ఎవరికీ తోచి ఉండదు. అదే 2022లో ప్రపంచమంతా కలిసి పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో పద్ధతి ప్రకారం సేకరించి తిరిగి వాడుకలోకి తెచ్చింది నాలుగో వంతు కూడా లేదు. మిగిలిన కొండలో ఎన్ని వస్తువులకు నిజంగా ప్రాణం పోయింది, ఎన్నిటికి ఒక రేకు వంగింది? ఆ లెక్క ఎవరూ తియ్యరు. మూత తీసి చూస్తే కదా తెలిసేది!

కాబట్టి ఇకమీదట మీ ఇంట్లో ఎవరైనా, భర్త గానీ, కొడుకు గానీ, దుకాణం కుర్రాడు గానీ, దేన్నైనా చూపించి "పోయింది" అంటే గొడవ పడకండి. గొంతు పెంచకండి. మూడు ప్రశ్నలు వెయ్యండి. ఒకటే పోయిందా, అన్నీ పోయాయా? పుట్టుక దగ్గర ఆగిందా, దారిలో ఆగిందా? మూత తీసి చూశావా?

మూడిటికీ జవాబు చెప్పగలిగితే అతనికి కాఫీ ఇవ్వండి. చెప్పలేకపోతే స్క్రూడ్రైవరు ఇవ్వండి. అదీ పట్టుకోవడం రాదంటే, మీరే పట్టుకోండి.